వద్దన్న రోజుకూ గైడుకు కూలి దక్కాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల ఎడారి దేశాల్లో రాతికొండలు ఎక్కడం గురించీ, ఇరుకు లోయల్లోకి తాళ్లతో దిగి నడవడం గురించీ వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వ్యాసం చివర, ఒడిశాలోని కొరాపుట్, రాయగడ జిల్లాల జలపాతాలూ అరకు వైపు కొండలూ ఇటువంటి సాహస పర్యటనలకు అనువైనవేననీ, పెట్టుబడి పెట్టగల సంస్థలు ముందుకు రావాలనీ వ్యాసకర్త కోరారు. నేను రాయగడలో పుట్టి పెరిగినవాణ్ని. ఉద్యోగరీత్యా జోర్డాన్ దక్షిణ ప్రాంతంలో, అకాబా ఓడరేవుకు దగ్గరలోని ఒక ఎరువుల కర్మాగారంలో కొన్నేళ్లు పనిచేసి, సెలవు దొరికినప్పుడల్లా వాడీ రమ్ ఎడారిలో బెదూయిన్ అనే ఎడారి సంచార తెగల గైడుల వెంట కొండలు ఎక్కినవాణ్ని. ఆ వ్యాసంలో కొండల ఎత్తులు, తాళ్ల ధరలు, బస వసతులు అన్నీ ఉన్నాయి గానీ, ఆ పర్యటనలకు ప్రాణాధారమైన స్థానిక గైడు ప్రస్తావన రెండు వాక్యాలతో ముగిసిపోయింది. మన కొండల్లోకి ఈ వ్యాపారం రాబోతున్నదన్న మాట నిజమే అయితే, ముందుగా మాట్లాడవలసింది అతని గురించేనని నా దృఢమైన అభిప్రాయం.

వాడీ రమ్‌లో ఈ వృత్తి ఎలా మొదలైందో చూడండి. 1984లో జోర్డాన్ పర్యాటక శాఖ ఆహ్వానం మీద టోనీ హోవార్డ్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు తన బృందంతో అక్కడికి వెళ్లాడు. ఎవరూ ఎక్కని కొండలను చూడబోతున్నామని వెళ్లినవారికి, ఆ కొండలకు దారులు ఎప్పటి నుంచో ఉన్నాయని అక్కడి బెదూయిన్లే చూపించారు. ఐబెక్స్ అనే కొండమేకను వేటాడుతూ తరతరాలుగా వారు ఆ నిలువు గోడలను ఎక్కి దిగుతున్నారు. చేతికి పట్టు దొరకని చోట రాళ్లు పేర్చుకుని, కొమ్మలు అడ్డం పెట్టుకుని దారి చేసుకున్నారు. 1,734 మీటర్ల జబల్ రమ్ శిఖరానికి పోయే దారుల్లో ఒకటి ఈనాటికీ షేక్ హమ్‌దాన్ అనే బెదూయిన్ పెద్ద పేరు మీదనే చలామణీ అవుతోంది. తరువాత కాలంలో అక్కడి యువకుల్లో కొందరు తాళ్ల పనీ, ఆపదలో ఉన్నవారిని దించే పనీ నేర్చుకుని, పెద్దల నుంచి వచ్చిన దారి జ్ఞానానికి వాటిని జోడించారు. 2011లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించినప్పుడు ప్రకృతితో పాటు అక్కడి మనుషుల చరిత్రనూ లెక్కలోకి తీసుకుంది. బండల మీద సుమారు 25,000 బొమ్మలు, 20,000 శాసనాలు ఉన్న ఆ ఎడారి, ఎవరూ లేని చోటని ఎవరూ అనలేరు.

అక్కడ నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది గైడు ఎక్కే నేర్పు కాదు, ఎక్కవద్దని చెప్పే అధికారం. ఒక చలికాలంలో రాత్రి చిన్న జల్లు పడి తెల్లవారేసరికి ఆకాశం తేటపడింది. ఎండ వచ్చింది, రాయి పొడిగానే కనిపిస్తున్నది. నా కంటే వయసులో చాలా చిన్నవాడైన మా గైడు కొండ మొదట్లో ఒక రాతి పలుకును బొటనవేలితో నొక్కి చూశాడు. అది విరిగి చేతిలోకి వచ్చింది. ఈ రోజు ఎక్కడం లేదని చెప్పి, మమ్మల్ని ఖజాలీ లోయలోని పాత శాసనాలు చూడడానికి తీసుకువెళ్లాడు. ఇసుకరాయిలో రేణువులను పట్టి ఉంచే బంక నీరు తగిలితే బలహీనపడుతుంది. పైభాగం ఆరిపోయినా లోపలి తడి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు ఉండిపోతుంది. అటువంటి రాయి మీద బరువు వేస్తే పట్టు ఊడిపోవచ్చు, తాడు కట్టిన ఆధారమే పెకలిపోవచ్చు. అమెరికాలోని యూటా ఎడారి కొండల్లో కూడా వాన వెలిసిన తరువాత రాయి ఆరేదాకా ఆగడం అనుభవజ్ఞులు పాటించే నియమం. మాతో వచ్చిన వారిలో ఇద్దరు ముగ్గురు, ఇంత దూరం వచ్చి ఊరికే తిరిగిపోవాలా అని గొణిగిన మాట వాస్తవమే. అయినా గైడు కదలలేదు. ఎందుకంటే మాట్లాడుకున్న సొమ్ము, కొండ ఎక్కినా ఎక్కకపోయినా ఒకటేనని ముందు రోజే ఒప్పందమైంది. వద్దని చెప్పినందువల్ల అతని పిల్లల అన్నంలో ఒక ముద్ద కూడా తగ్గదు. ఆ నిశ్చింతే అతని మాటకు అంత బలం ఇచ్చింది.

దీనికి ఇంత ప్రాముఖ్యం ఇవ్వడానికి కారణం ఉంది. ఎడారి లోయల్లో మనుషుల్ని మింగేసేది ఎక్కువగా నీరే. ఏడాది పొడవునా వంద మిల్లీమీటర్ల వాన కూడా పడని చోట ఇది నమ్మశక్యంగా అనిపించకపోవచ్చు. కానీ నేల నీటిని పీల్చదు, అడ్డుకోవడానికి చెట్టు లేదు, ఎక్కడెక్కడో బట్టబయలు రాతి మీద పడిన వాన అంతా ఒకే ఇరుకు సందులోకి వచ్చి పడుతుంది. లోయలో నడిచేవాడి నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది. 1963లో జోర్డాన్‌లోని ప్రాచీన పెట్రా నగరానికి పోయే సన్నని లోయలో ఇలా వచ్చిన వరద ఇరవై మందికి పైగా ఫ్రెంచి పర్యాటకులను బలిగొన్నది. రెండు వేల సంవత్సరాల కిందట ఆ నగరాన్ని కట్టిన నబాతియన్లు ఈ ప్రమాదం తెలిసినవారే; లోయ ముఖద్వారం దగ్గర ఆనకట్ట కట్టి, కొండను తొలిచి సొరంగం ద్వారా వరదను పక్కకు మళ్లించారు. ఆ దుర్ఘటన తరువాత ఆధునిక ప్రభుత్వం అదే చోట మళ్లీ ఆనకట్ట కట్టవలసి వచ్చింది. 1997 ఆగస్టు 12న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, నవాహో తెగ భూమిలో ఉన్న యాంటిలోప్ లోయలో పదకొండు మంది పర్యాటకులు కొట్టుకుపోయారు. వాన పడింది మైళ్ల దూరంలో. ఇప్పుడు ఆ లోయలోకి అనుమతి పొందిన నవాహో గైడు లేకుండా ఎవరినీ అడుగు పెట్టనివ్వరు. 2018 అక్టోబరు 25న జోర్డాన్‌లోనే మృత సముద్రం పక్కన విహారయాత్రకు వెళ్లిన బడిపిల్లలతో సహా 21 మంది వరదలో చనిపోయినప్పుడు, ఆ దేశపు విద్యా శాఖ, పర్యాటక శాఖల మంత్రులు పదవులు వదులుకున్నారు. ఆ పక్కనే ఉన్న మూజిబ్ లోయలో నీటి దారిని చలికాలమంతా మూసి ఉంచుతారు. ఎంతమంది వచ్చి అడిగినా తెరవరు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. ఎడారి వాళ్లు ఏడాదిలో చూసే వాన మాకు తుపాను రోజుల్లో ఒక పగలూ రాత్రిలో పడుతుంది. కొండ మీద మబ్బు కమ్మితే కింద గెడ్డ, అంటే కొండవాగు, ఎప్పుడు పొంగుతుందో ఇక్కడి పశువుల కాపరులకు తెలుసు. నగరం నుంచి కారులో దిగినవారికి తెలియదు. 2017 జులై 16న తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయిన వరదను రాయగడలో ఎవరూ మరచిపోలేదు. రైలు వంతెన ఆగని చోట తాడు పట్టుకుని జలపాతం మధ్యలో వేలాడే మనిషి ఏం ఆగుతాడు? అందులోనూ మాది సరిహద్దు ప్రాంతం. నాగావళి కలహండి జిల్లాలో పుట్టి రాయగడ మీదుగా పార్వతీపురం మన్యం జిల్లాలోకి దిగుతుంది. మాచ్‌ఖండ్ నది మీది డుడుమ జలపాతం సరిగ్గా రెండు రాష్ట్రాల అంచున ఉంది. వాన ఒక రాష్ట్రంలో పడుతుంది, పర్యాటకుడు మరో రాష్ట్రంలో నిలబడి ఉంటాడు. ఒక రాష్ట్రం జారీ చేసిన హెచ్చరిక రెండో రాష్ట్రంలోని దిగువ ఊరికి చేరాలంటే ఎన్ని కార్యాలయాలు దాటాలో అధికారులకే బాగా తెలుసు. ఎగువ ఊళ్లో ఒక మనిషిని, దిగువ ఊళ్లో ఒక మనిషిని నియమించి, గెడ్డ రంగు మారినా, నీటిలో ఆకూ అలమూ కొట్టుకొచ్చినా వెంటనే ఫోను చేసే ఏర్పాటు ఉంటే చాలు. అది లేకుండా ఏ జలపాతం దగ్గరా తాడు కట్టకూడదు.

ఎడారిలో నేర్చిన పద్ధతులను ఇక్కడికి యథాతథంగా తేవడం మరో ప్రమాదం. దీని గురించి కొంచెం వివరంగా రాయనివ్వండి, ఎందుకంటే నగరాల నుంచి వచ్చే శిక్షకులు ఎక్కువగా పొడి కొండల మీదనే నేర్చుకుని వస్తున్నారు. నీరు లేని లోయలో తాడు పట్టుకుని దిగేటప్పుడు తాడు చివర గట్టి ముడి వేస్తారు. దిగేవాడు చూసుకోకుండా తాడు కొస దాటిపోకుండా ఆ ముడి ఆపుతుంది. పారే జలపాతంలో అదే ముడి ప్రాణం తీస్తుంది. మనిషి మడుగులోకి చేరిన తరువాత తాడు నుంచి తక్షణం విడిపోవాలి, లేకపోతే నీటి ఉరవడి కింద ఇరుక్కుపోతాడు. అందుకే అక్కడ కొసన ముడి లేకుండా, తాడు నీటిని తాకేంత పొడవు మాత్రమే వదులుతారు. ఇక రాయి విషయం. వాడీ రమ్‌లో గ్రానైట్ మీద ఇసుకరాయి పేర్చినట్టుగా ఉంటుంది; ఆ రెండూ కలిసే గీత వెంబడే ఊటలు పుడతాయి. మా కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్. ఇక్కడి గిరిజనులైన కొంధుల పేరు మీదనే భూగర్భ శాస్త్రవేత్తలు దీనికి ఆ పేరు పెట్టారు. కోణార్క ఆలయాన్ని, పూరీ ఆలయాన్ని కట్టిన రాయి ఇదే. ఎండకు, వానకు, ఉప్పు గాలికి అక్కడ ఎలా పొరలు పొరలుగా రాలిపోతున్నదో చూసినవారికి దీని స్వభావం తెలుస్తుంది. పైకి నల్లగా గట్టిగా కనిపించే బండ లోపల మెత్తబడి ఉండవచ్చు. అటువంటి దానిలో మేకు దిగ్గొట్టి, దానికి పదిమంది ప్రాణాలను వేలాడదీయడం సాహసం అనిపించుకోదు. జలపాతం తుంపర పడే చోట పాకుడు సంగతి వేరే చెప్పనక్కరలేదు. దేవమాలి వంటి చెట్టు లేని గడ్డి శిఖరాల మీద వేసవి చివర సాయంత్రాల్లో పిడుగుల భయమూ ఉంది.

వీటన్నిటికీ తోడు ఎడారి కొండ ఎక్కేవారు లెక్కలోకి తీసుకోనవసరం లేనిది మరొకటి మాకు ఉంది. నిలువు చరియలకు పట్టే పెద్ద తేనెపట్లు. ఈ జాతి తేనెటీగలు తొర్రల్లో దాక్కోవు. బయటికే ఒక్క పెద్ద పెరగా పడతాయి, కాలాన్ని బట్టి చోటు మారుస్తుంటాయి. హెల్మెట్ రాతికి తగిలిన చప్పుడుకో, చెమట వాసనకో, వంట పొగకో ఒక్కసారిగా లేచాయంటే తాడు మీద సగం దారిలో ఉన్నవాడికి పైకీ దిక్కు ఉండదు, కిందికీ దిక్కు ఉండదు. ఏ చరియకు ఏ నెలలో పట్టు పడుతుందో తేనె దించేవారికి కంఠస్థం. మా పక్క ఊళ్లలో అడవి తీగలతో పేనిన నిచ్చెనలు కట్టుకుని రాత్రిపూట చరియ మీదికి దిగే ముసలివారిని నేను చిన్నప్పుడు చూశాను. వాడీ రమ్‌లో కొండమేకల వేటగాళ్లు ఏ విద్యకు వారసులో, ఇక్కడ తేనె దించేవారు ఆ విద్యకే వారసులు. తేడా ఏమిటంటే అక్కడ ప్రభుత్వం పిలిచిన విదేశీయుడు వారి దగ్గరికి వెళ్లి దారి అడిగాడు. ఇక్కడ ఇంకా ఎవరూ అడగలేదు. ఇప్పుడు వచ్చే బృందాలు వారిని సామాను మోయడానికి పిలుస్తున్నాయి, రోజు కూలి చేతిలో పెట్టి పంపేస్తున్నాయి.

సామాను మోసే మనిషి వద్దని చెప్పలేడు. ఈ వాక్యాన్ని పాఠకులు కొంచెం ఆగి చదవాలని ప్రార్థిస్తున్నాను. గెడ్డ పొంగబోతున్నదని అతనికి తెలిసినా, చరియ మీద తేనెపట్టు కనిపిస్తున్నా, నగరం నుంచి వచ్చిన నాయకుడు పదమంటే వెళ్లవలసిందే, లేకపోతే ఆ రోజు కూలి పోతుంది, రేపు పిలుపూ రాదు. అందుచేత నా అభ్యర్థన ఒక్కటే. ఈ జిల్లాల్లో కొండ ఎక్కించే, లోయలోకి దింపే ఏ బృందానికైనా అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ కొండ ఉన్న ఊరి గైడు వెంట ఉండాలనీ, వెళ్లాలా వద్దా అన్న తుది నిర్ణయం అతనిదేననీ, వద్దన్న రోజుకు కూడా పూర్తి కూలి అతనికి ముందే జమ కావాలనీ రాతపూర్వకంగా షరతు పెట్టాలి. డబ్బు పర్యాటకుడు గైడు చేతిలో పెట్టే పద్ధతి కాకుండా ఊరి సంఘం ఖాతాలోకి వస్తే, వద్దన్నందుకు గైడును తిట్టడానికో బతిమాలడానికో అవకాశం తగ్గుతుంది. ఒడిశా అటవీ శాఖ నేచర్ క్యాంపులను చుట్టుపక్కల ఊళ్ల సంఘాలే నడుపుతున్నాయి కనుక ఇది ఆచరణకు అందని కోరిక కాదు.

శిక్షణ ఎక్కడిస్తారన్న ప్రశ్న వస్తుంది. డార్జిలింగ్‌లో 1954 నుంచి, ఉత్తరకాశీలో 1965 నుంచి పర్వతారోహణ సంస్థలు పనిచేస్తున్నాయి. ఉత్తరకాశీలో ఆపదలో ఉన్నవారిని వెదికి కాపాడే పనికి ప్రత్యేక కోర్సు కూడా ఉంది. అంత దూరం ఎందుకు, భువనగిరి ఏకశిల కొండ మీద మొదటి పాఠాలు నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. ఆమెతో పాటు ఆనంద్‌కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. ఇవ్వవలసిన చోట శిక్షణ ఇస్తే తండాల పిల్లలు, గూడేల పిల్లలు ఎంతదాకా వెళతారో మన తెలుగువారికి మరొకరు చెప్పనక్కరలేదు. ప్రతి కొండ ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు యువతీయువకులను ఎంపిక చేసి రెండు ప్రభుత్వాలూ ఖర్చు భరించి పంపాలి. తిరిగి వచ్చాక వారు తేనె దించే పెద్దల పక్కన కొంతకాలం ఉండి, చరియల తీరు వారి దగ్గర నేర్చుకోవాలి. తాడు పట్టే విద్య బయట దొరుకుతుంది, కొండ తెలిసే విద్య బయట దొరకదు.

ఇక మిగిలిన ఒక విషయం కొందరికి రుచించకపోవచ్చు, అయినా రాయక తప్పదు. గైడు చెప్పే ‘వద్దు’ ఎప్పుడూ వాన గురించే కానక్కరలేదు. ఆస్ట్రేలియా ఎడారి మధ్యలో 348 మీటర్ల ఎత్తున నిలిచిన ఉలూరు శిలను అక్కడి అనంగు ప్రజలు పవిత్రంగా కొలుస్తారు. ఎక్కవద్దని దశాబ్దాల పాటు పర్యాటకులను వేడుకున్నారు. చివరకు 2019 అక్టోబరు 26 నుంచి ఆ శిలను ఎక్కడం పూర్తిగా నిలిచిపోయింది. పర్యాటకులు మాత్రం శిల చుట్టూ నడవడానికి, అక్కడి కథలు వినడానికి ఈనాటికీ వెళుతూనే ఉన్నారు. మా జిల్లాలో నియమగిరి ఉంది. డోంగ్రియా కొంధులకు ఆ కొండ వారి దేవుడైన నియమరాజు నివాసం. బాక్సైట్ గనుల వివాదంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభల అభిప్రాయం తీసుకోమని ఆదేశించినప్పుడు, ఆ ఏడాది జరిగిన పన్నెండు పల్లెసభలూ వద్దనే చెప్పాయి. గనులను వద్దన్న కొండ మీద మేకులు కొట్టి తాళ్లు కట్టడానికి, ఆ సభలను మళ్లీ అడగకుండా ఎవరికీ హక్కు లేదని నేను భావిస్తున్నాను. రాయగడ, కొరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించినవి. ఇక్కడి గ్రామసభ మాటకు చట్టంలో ఉన్న విలువను పర్యాటక శాఖలు కూడా గుర్తించాలి. ఏ కొండ ఎక్కవచ్చు, ఏ కొండకు దణ్ణం పెట్టి తిరిగి రావాలి అన్నది ఊరివారే ముందుగా గీసి చూపిస్తే, మిగిలిన కొండలు ఎక్కేవారికి కూడా గౌరవంగా ఉంటుంది.

ఈ సాహస పర్యటనలు మా ప్రాంతానికి రాకూడదని నేను కోరుకోవడం లేదు. రాతి మీద చెయ్యి వేసి ఎక్కిన ఆనందం నాకు తెలుసు. మా పిల్లలకూ తెలియాలి. దాని వల్ల వచ్చే జీవనం, బుధవారం నియమగిరి కింద జరిగే చటికోన సంతకు పనసపళ్లూ పసుపూ మోసుకుని దిగివచ్చే కుటుంబాలకు అందాలి. మీ అనుబంధంలో ఆ వ్యాసానికి కొనసాగింపు వేసే ఆలోచన ఉంటే, ఈసారి మీ విలేఖరిని ఆ సంతకే పంపవలసిందిగా కోరుతున్నాను. ఏ చరియకు ఏ నెలలో తేనె పడుతుంది, ఏ గెడ్డ ఎన్ని గంటల్లో పొంగుతుంది, ఎక్కడికి బయటివారు రాకూడదు అన్న సంగతులు అక్కడివారిని అడిగి, వారి అనుమతితో ప్రచురించండి. వర్షాకాలం ముందే ప్రచురించగలిగితే మరీ మేలు.

భవదీయుడు,
విశ్రాంత కర్మాగార ఉద్యోగి,
రాయగడ, ఒడిశా